ఆయాసం వృద్ధాప్య లక్షణం కాదు
శ్వాసవ్యాధిగల తల్లిదండ్రులకు ఇంటి సంరక్షణ

"వయసు మీద పడిన తరువాత ఆయాసం సహజమే" అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. నాలుగు మెట్లెక్కి తల్లి కూలబడినా, రాత్రంతా తండ్రి దగ్గుతూ కూర్చున్నా ఈ ఒక్క మాటతో సరిపెట్టుకొంటాము. వృద్ధాప్యం వలన నడక మందగించును, చూపు తగ్గును. కాని స్నానం చేసి చీర కట్టుకొనేలోపల ఊపిరి అందకపోవడం వృద్ధాప్యం కాదు. అది వ్యాధి. వ్యాధి అని గుర్తించిన నాడే దానికి తగిన ఔషధము, ఆహారము, విహారము ఏర్పరచుకొనుటకు వీలగును.

మా తల్లికి ఇప్పుడు 74 సంవత్సరాలు. మా వైపు తల్లిని "అవ్వ" అని పిలుస్తాము. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, 2016 నుండి జగిత్యాల జిల్లాలో ఉన్న కోరుట్ల ప్రాంతం ఆమెది. నేను ఆదిలాబాదులో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. ఆరు సంవత్సరాలుగా అవ్వ శ్వాసవ్యాధితో ఏడాదిలో సగకాలం మా ఇంట, సగకాలం మా అన్న ఇంట ఉంటున్నది. ఈ కాలంలో వైద్యుల వలన, ఆయుర్వేద గ్రంథాల వలన, అన్నింటికంటె ఎక్కువగా అవ్వ ప్రక్కన మేలుకొన్న రాత్రుల వలన తెలిసిన విషయాలను పాఠకుల ముందుంచుతున్నాను.

వ్యాధి స్వరూపము

దీనిని ఆధునిక వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. ఊపిరితిత్తులలోని గాలి గొట్టాలు ఏళ్ళ తరబడి పొగకు, ధూళికి వాచి, ఇరుకై, కఫముతో పూడుకుపోవును. గాలి నిలిచే సన్నని తిత్తులు సాగి శిథిలమగును. రోగి గాలిని లోపలికి పీల్చుకోగలడు గాని, పూర్తిగా బయటికి వదలలేడు. పాత గాలి లోపలనే చిక్కుపడుట వలన కొత్త గాలికి చోటుండదు. ఇదియే ఆయాసము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 35 లక్షల మంది ఈ వ్యాధితో మరణించారు. మరణ కారణాలలో దీనిది నాలుగవ స్థానము.

"మా ఇంట్లో ఎవరూ సిగరెట్టు తాగరు, ఈ జబ్బు ఎట్లా వచ్చింది?" అని కొందరు అడుగుతారు. మా అవ్వ జన్మలో ఒక్క బీడీ కూడా తాగలేదు. కాని పదేళ్ళ వయసు నుండి అరవై దాటేవరకు బీడీలు చుట్టింది. ఆదిలాబాదు అడవుల వంటి చోట్ల ఎండాకాలంలో కోసే తునికాకు కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల ఇళ్ళకు చేరును. తడిపిన ఆకును కత్తిరించి, చాటలోని తంబాకు పోసి, చుట్టి, దారం కట్టవలెను. ఆ తంబాకు ధూళి రోజంతా ముక్కులోనికి పోవును. సాయంకాలం లేచి, కిటికీ లేని వంటింట్లో పత్తికట్టె, పిడకలు పెట్టి పొయ్యి ఊదవలెను. పొయ్యి పొగ కూడ ఈ వ్యాధికి ప్రధాన కారణాలలో ఒకటి అని వైద్యశాస్త్రము స్పష్టంగా చెప్పుచున్నది. పొగ త్రాగని స్త్రీలలో ఈ వ్యాధి కనబడుటకు ముఖ్య హేతువు అదియే.

మన ఉత్తర తెలంగాణలో ఈ మాట మరీ గుర్తుంచుకోవలెను. బొగ్గు గనులలో, కరీంనగర్ గ్రానైటు క్వారీలలో, సిమెంటు పనులలో, పత్తి మిల్లులలో జీవితం గడిపిన తండ్రులు ఎందరో ఉన్నారు. బొగ్గు ధూళి, రాతి ధూళి వలన వచ్చే వ్యాధులు వేరు పేర్లు గలవి. వాటికి చట్టరీత్యా పరిహారము కూడ కలదు. కనుక వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు "ఏమి పని చేసేవారు, ఎన్నేళ్ళు చేశారు" అనే విషయం అడగకపోయినా మనమే చెప్పవలెను.

ముందుగా నిర్ధారణ

మా ప్రాంతంలో ఆయాసాన్ని "దమ్ము" అంటారు. దమ్ము అన్నంత మాత్రాన అది ఒకే వ్యాధి కాదు. ఉబ్బసం కావచ్చును, గుండె బలహీనత కావచ్చును, రక్తహీనత కావచ్చును. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నయెడల ముందుగా క్షయ కొరకు కఫ పరీక్ష చేయించవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితము.

సి.ఓ.పి.డి. నిర్ధారణకు ఎక్స్‌రే ఒక్కటే చాలదు. స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్ష అవసరము. గట్టిగా ఊదినప్పుడు మొత్తం గాలిలో ఎంత భాగం మొదటి సెకనులో బయటికి వచ్చినదో అది కొలుచును. గొట్టాలను విప్పే మందు పీల్చిన తరువాత కూడ ఆ భాగం 70 శాతానికి తక్కువైతే, లక్షణాలు, పూర్వ చరిత్ర సరిపోతే, వ్యాధి ఉన్నట్లు. మా అవ్వకు ఊరిలో ఒక వైద్యుడు మూడేళ్ళు బలానికి సూదులు వేశాడే గాని ఈ పరీక్ష మాట చెప్పలేదు. ఆదిలాబాదుకు వచ్చిన తరువాత పరీక్ష చేయించినప్పుడు ఆమె ఊపిరితిత్తుల శక్తి సగానికి తక్కువగా ఉన్నట్లు తేలింది.

ఆయుర్వేద దృష్టి

చరక సంహిత చికిత్సా స్థానంలో శ్వాసరోగాలు ఐదు విధములుగా చెప్పబడినవి: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీటిలో తమకశ్వాస లక్షణాలు చదివితే మన ఇంటి రోగిని చూచి వ్రాసినట్లే ఉండును. పడుకుంటే బాధ హెచ్చును, కూర్చుంటే ఉపశమించును. వెచ్చని పదార్థములను కోరును. మబ్బు పట్టినప్పుడు, వాన, చలి, తూర్పుగాలి సోకినప్పుడు వ్యాధి విజృంభించును. కఫము వెలువడిన కొంతసేపు సుఖముండును.

కొత్తగా వచ్చిన తమకశ్వాస నయమగుననియు, పాతబడినది "యాప్యము" అనియు చరకుడు నిర్ణయించాడు. యాప్యము అనగా పూర్తిగా పోనిది, కాని చికిత్స సాగినంతకాలం అదుపులో ఉండునది. సుశ్రుతుడు దీనికి చక్కని పోలిక చెప్పాడు. ఒరిగిపోవుచున్న ఇంటికి సరిగా అమర్చిన ఊతకర్ర ఎట్టిదో, యాప్యవ్యాధి గల రోగికి తగిన చికిత్స అట్టిది. ఊతకర్ర ఇంటిని కొత్తది చేయదు. కాని అది ఉన్నంతకాలం ఇల్లు నిలుచును, లోపల మనుషులు కాపురం చేయుదురు. అవ్వ సేవలో మాకు దారి చూపినది ఈ ఒక్క మాట. "పూర్తిగా తగ్గిస్తాము" అని ఎవరు చెప్పినా మేము నమ్మలేదు. "ఏమి చేసినా లాభం లేదు" అన్నవారినీ నమ్మలేదు.

పేరు లేని పొడులు

రెండవ చలికాలంలో మా అవ్వ మేనల్లుడు ఎవరి వద్దనుండో ఒక పొడి పొట్లం తెచ్చాడు. పేరు లేదు, ఏమేమి కలిపారో వ్రాయలేదు. "మూడు రోజుల్ల దమ్ము బందైతది, ఆ పంపు పారెయ్యుండ్రి" అన్నాడు. అవ్వకు ఆశ కలిగింది. నోట్లో పంపు పెట్టుకొని మందు పీల్చుకోవడం ఆమెకు నామోషీగా ఉండేది. పంపు అలవాటైతే వదలదని ఇరుగుపొరుగు చెప్పిన మాట మనసులో నాటుకుపోయింది.

ఆ పొట్లాన్ని నేను మా పట్టణంలోని ఆయుర్వేద వైద్యురాలికి చూపించాను. "ఆయుర్వేదం పేరు మీద ఇచ్చే ఇటువంటి పొడులలో కొన్నిటియందు స్టెరాయిడు కలిపి ఉండును. అందుకే రెండు మూడు రోజులలో అద్భుతంగా పనిచేసినట్లుండును. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును, హఠాత్తుగా మానితే ప్రాణాపాయం. మందు పేరు, తయారుచేసినవారి పేరు, అనుమతి సంఖ్య లేనిదేదీ నోటబెట్టకండి" అని ఆమె చెప్పింది. పీల్చే మందు ఆపవద్దని కూడ ఆమెయే గట్టిగా చెప్పింది.

పొట్లం వాడనివ్వలేదని అవ్వ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "నా మేనల్లుడు నాకు విషం పెడ్తడా బిడ్డా?" అన్నది. అతని ప్రేమలో లోపం లేదు, పొడిలో ఏమున్నదో అతనికీ తెలియదు అని పదిసార్లు నచ్చజెప్పవలసి వచ్చింది. పెద్దల సేవలో మందు ఇచ్చుట కంటె ఇటువంటి మాటలకే ఎక్కువ ఓపిక కావలెను.

పంపు విషయంలో ఒక్క మాట. అది మత్తుపదార్థము కాదు, అలవాటు పడుట అనునది లేదు. కళ్ళద్దాలు రోజూ పెట్టుకొన్నట్లే ఇదియును. వృద్ధులకు చేతి ఒడుపు చాలదు కనుక, "స్పేసరు" అనే గొట్టం అమర్చి పీల్పించవలెను. పీల్చిన తరువాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయవలెను. లేనియెడల నోటిలో తెల్లని పూత ఏర్పడును.

అనుభవంలో మేలు చేసిన గృహౌషధములు

ఇవి వైద్యుడిచ్చిన మందులకు బదులు కావు, తోడు మాత్రమే. మొదలుపెట్టే ముందు రోగి వాడుచున్న మందులన్నిటిని వైద్యునికి చూపించవలెను.

అడ్డసరము: శుభ్రపరచిన లేత ఆకులను కొద్దిగా ఆవిరిలో వాడ్చి, నలిపి, రసం తీయవలెను. రెండు చెంచాల రసమునకు ఒక చెంచా తేనె కలిపి ఉదయం సేవించిన కఫము పలుచబడి తేలికగా వెలువడును. మధుమేహము గలవారు తేనె మానవలెను. ఈ మొక్కలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే 1960ల దశకంలో బ్రోంహెక్సిన్ అనే దగ్గు మందు రూపొందింది. నేటికీ ఎన్నో దగ్గు సిరపులలో అది కలదు.

త్రికటు చూర్ణము: శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు సమభాగాలుగా దోరగా వేయించి మెత్తగా దంచి వస్త్రగాళితము చేయవలెను. పావు చెంచా చూర్ణము భోజనానంతరం తేనెతో గాని, గోరువెచ్చని నీటితో గాని సేవించవలెను. కడుపులో మంట, పుండు ఉన్నవారు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు దీనిని సేవించరాదు. దంచునపుడు రోగి ఆ గదిలో ఉండరాదు.

తులసి, అల్లము: పది తులసి ఆకులు, చిన్న అల్లం ముక్క రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగులునట్లు కాచి, వడపోసి, వెచ్చగా గుక్కగుక్కగా త్రాగించవలెను. చలికాలపు ఉదయాలలో ఇది మా అవ్వకు అత్యంత ప్రీతికరము.

తైలమర్దనము: నువ్వుల నూనెలో చిటికెడు సైంధవ లవణము వేసి గోరువెచ్చ చేసి, ఛాతీకి, వీపునకు మృదువుగా పట్టించి, వెచ్చని గుడ్డతో కాపడము పెట్టవలెను. శ్వాసరోగికి లవణతైలముతో స్నేహనము, పిమ్మట స్వేదనము చరకుడు చెప్పిన విధానమే. వృద్ధుల చర్మము పలుచన. గుడ్డ వేడిని ముందుగా మన ముంజేతి మీద చూచుకోవలెను. మరుగుచున్న నీటి గిన్నె మీద ముఖము వంచి ఆవిరి పట్టించుట వృద్ధులకు ప్రమాదకరము. చేయి వణికి ఒళ్ళు కాలవచ్చును.

అతిమధురము గొంతుకు హాయి కలిగించును గాని, ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగును, ఒంట్లో పొటాషియం తగ్గును. రక్తపోటు, గుండెజబ్బు, కాళ్ళవాపు ఉన్నవారికి ఇవ్వరాదు. ఉమ్మెత్త ఆకుల పొగ పీల్చుట పూర్వము మన దేశంలో వాడుకలో ఉండేది. అది విషము. మతిభ్రమణము, మూత్రబంధము కలుగును. ఉమ్మెత్తలోని అట్రోపిన్ నుండి సవరించి తయారుచేసిన ఇప్రాట్రోపియం నేడు పీల్చే మందుగా సరియైన మోతాదులో లభించుచున్నది. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో పంచే చేప మందు కొరకు మా ప్రాంతం నుండి ఎందరో వెళ్తారు. ఊపిరి అందని వృద్ధులను ఆ ఎండలో, గుంపులో నిలబెట్టుట, బ్రతికిన చేపను మింగించుట శ్రేయస్కరము కాదు.

పథ్యము పేరుతో పస్తు వద్దు

ఈ వ్యాధిలో ఊపిరి తీయుటకే శరీరము ఎంతో శక్తిని ఖర్చు పెట్టును. రోగి చిక్కిపోవును. చిక్కినకొద్దీ ఊపిరి తీసే కండరములు బలహీనపడును. కనుక "అది తినరాదు, ఇది వాతము" అని ఒక్కొక్కటే మాన్పించుట హానికరము. మా అవ్వకు ఒక దశలో పథ్యమని అన్నము, కారంపొడి మాత్రమే మిగిల్చినారు. మా ఇంటికి వచ్చునాటికి ఆమె బరువు 36 కిలోలు.

కడుపు నిండుగా తింటే ఊపిరికి చోటు చాలదు. అందుచేత మూడు పూటల అన్నమును ఆరు పూటలుగా విభజించితిమి. ఉదయం పలుచని జొన్న గట్క, నడిమిలో ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం మెత్తని అన్నము, పెసరకట్టు, మునగాకు, సాయంత్రం ఉలవచారు, రాత్రి పెందలకడనే జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టితిమి. ఉలవల కట్టు శ్వాసరోగమునకు పథ్యమని ప్రాచీనులే చెప్పినారు. మంచుగడ్డల నీరు, రాత్రివేళ పెరుగు, నూనె వంటలు మానితే చాలును. ఏడాదిలో అవ్వ 41 కిలోలకు వచ్చింది. మందుకు మించిన మందు అదియే అని నా నమ్మకము.

ఊపిరి తీరు, నడక

ఆయాసము వచ్చినపుడు రోగిని పడుకోబెట్టరాదు. కుర్చీలో కొంచెము ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చుండవలెను. ముక్కుతో నెమ్మదిగా గాలి తీసికొని, ఈల వేయునట్లు పెదవులు ముడిచి, తీసికొన్న దానికి రెట్టింపు సమయము నెమ్మదిగా వదలవలెను. "పొయ్యి ఊదినట్లు కాదు అవ్వా, పాలమీది మీగడ జరుపుతున్నట్లు ఊదు" అని చెప్పగానే అవ్వకు పట్టుబడింది. కపాలభాతి, భస్త్రిక వంటి వేగమైన ప్రాణాయామములు ఇట్టి రోగులకు తగవు.

మంచము పట్టిన కొద్దీ ఆయాసము పెరుగును. రోజూ కొంచెము నడిపించవలెను. మేము వాకిలి నుండి తులసికోట వరకు మొదలుపెట్టి, మూడు నెలలకు వీధి చివర దుకాణము వరకు వెళ్ళితిమి.

ఇల్లు, చలి, పొగ

ఆదిలాబాదు చలి తెలంగాణలో అందరికీ తెలిసినదే. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పోవును. గదిలో కుంపటి పెట్టుట ఇక్కడి వాడుక. మూసిన గదిలో కుంపటి ఎవరికైనా ప్రాణాంతకము, శ్వాసరోగికి మరింతగా. ఉన్నిబట్టలు, చెవులకు మఫ్లరు, కాళ్ళకు మేజోళ్ళు, పొద్దు వచ్చిన తరువాతనే స్నానము అనునవి మా ఇంటి నియమములు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, మిరపకాయల పోపు ఘాటు రోగి గదికి చేరరాదు. ఏటేటా ఫ్లూ టీకా, వైద్యుని సలహాపై న్యుమోనియా టీకా వేయించవలెను.

ప్రాణవాయువు యంత్రము

గత శీతాకాలంలో అవ్వ రక్తంలో ప్రాణవాయువు విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడ 85 శాతమునకు పడిపోయింది. ఇంట్లోనే యంత్రము పెట్టవలెనని వైద్యుడు చెప్పగానే ఆమె ముఖము వాడిపోయింది. "ముక్కుకు పైపు పెట్టినంక మనిషి మిగుల్తదా బిడ్డా? నేను బిడ్డింట్ల సావద్దు, నన్ను కొడుకింటికి తోలు" అన్నది. ఆడపిల్ల ఇంట తల్లి కన్నుమూయరాదనే పట్టింపు మా వైపు ఇంకను కలదు. మా అన్న ఆ రాత్రియే బయలుదేరి వచ్చి, "నువ్వు యాడుంటె గదే నీ ఇల్లు అవ్వా" అని ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. యంత్రము ఖర్చు ఇద్దరము సగము సగము పెట్టుకొన్నాము. అప్పుడు గాని ఆమె ఒప్పుకొనలేదు.

పైపు చావుకు గుర్తు కాదు. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గిన రోగులకు రోజుకు కనీసము 15 గంటలు ఇచ్చిన ఆయుర్దాయము పెరుగునని 1980, 1981 సంవత్సరాలలో అమెరికా, బ్రిటను దేశాల పరిశోధనలు నిరూపించినవి. అయితే ఎంత ఇవ్వవలెనో వైద్యుడే నిర్ణయించును. సాధారణముగా ఇట్టి రోగులకు 88 నుండి 92 శాతము లక్ష్యము. "ఎక్కువ పెడితే ఎక్కువ మేలు" అని మనము మీట త్రిప్పరాదు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మత్తు కమ్మును. యంత్రము దరిదాపులలో దీపము, పొయ్యి, బీడీ ఉండరాదు. అవ్వ నిత్యదీపమును మేము వసారాలోనికి మార్చితిమి. కరెంటు పోయినప్పటికి చిన్న సిలిండరు ఒకటి సిద్ధముగా ఉంచవలెను.

వెంటనే ఆసుపత్రికి: పెదవులు, గోళ్ళు నీలమగుట, మాట పూర్తి చేయలేకపోవుట, మగత, తికమక, కఫము పచ్చబడి జ్వరము వచ్చుట, కాళ్ళవాపు హెచ్చుట. వీటిలో ఏది కనబడినను కషాయములతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను.

సేవ చేయువారికి

రోగికి తోడు మరొక రోగి తయారు కారాదు. రాత్రులు ఒక్కరే మేలుకొనరాదు. మా ఇంట వారములో రెండు రాత్రులు నా భర్త, రెండు రాత్రులు మా అబ్బాయి చూచుదురు. వేసవిలో అన్న తీసికొనిపోవును. పెద్దలకు చేతనైన పని ఉండవలెను. యాభై ఏళ్ళు చేతులు ఆగని మనిషికి ఊరక కూర్చొనుట శిక్ష. అవ్వ బీడీల చాట కావాలని అడిగింది, ఇవ్వలేదు. చిక్కుడుకాయలు ఒలుచుట, ఆకుకూర తుంచుట ఆమె చేతికి అప్పగించితిమి. వంటకు ఏమి చేయవలెనో ఆమెయే నిర్ణయించును.

1999లో ఉమ్మడి రాష్ట్రములో దీపము పథకము, 2016లో ఉజ్వల పథకము వలన ఎన్నో ఇళ్ళకు గ్యాసు వచ్చింది. అయినను స్నానపు నీళ్ళకు, గటుక కుండకు కట్టెలపొయ్యి నేటికీ పలుచోట్ల వెలుగుచునే ఉన్నది. కిందటి ఉగాదికి అవ్వ ఊరికి వెళ్ళినపుడు మా వదిన పొగలో దగ్గుచుండగా చూచింది. తన బీడీ పింఛను డబ్బులు తీసి అన్న చేతిలో పెట్టి, పొయ్యిని ఇంట్లో నుండి పెరట్లోని రేకుల కిందికి మార్పించింది. మీ ఇంట కూడ కోడలో, కూతురో ఇంకను పొగలో వంట చేయుచున్నయెడల ఈ వారములోనే ఆ పొయ్యి జాగా మార్చగలరని కోరుచున్నాను.